బొంగురుపోయిన గొంతు

పట్టాలు అందుకుంటున్న డాక్టర్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలకు అభినందనలు.

మన తాడేపల్లి పక్కనే, మంగళగిరిలో ఒకప్పుడు టీబీ శానటోరియం ఉండేది. 2015 డిసెంబరులో ఆ స్థలంలోనే ఎయిమ్స్‌కు శంకుస్థాపన జరిగింది. శానటోరియం పోయింది గానీ టీబీ పోలేదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు అది గొంతులోనూ వస్తుంది. అరుదే. అయినా ఈ రోజు దాని గురించే చెబుతాను.

కన్నతల్లి ఇచ్చిన కిడ్నీని నిలుపుకోవడానికి కొడుకు రోజూ టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ మింగుతాడు. అవి ఒంటి రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. ఏళ్లుగా ఊపిరితిత్తుల్లో అణగి ఉన్న టీబీ క్రిమికి అదే అదను. స్వరపేటికకు సోకితే గొంతు బొంగురుపోతుంది, మింగితే నొప్పి. మన గుంటూరు వైపు దానికి కారణం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే బస్తాలు, మోసేవాళ్లు, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు 'ఘాటుకి గొంతు పట్టేసింది' అంటారు. మనమూ నమ్మి సిరప్ రాసి పంపేస్తాం. దయచేసి అలా పంపకండి. మూడు వారాలు దాటితే స్కోపు వేసి చూడాల్సిందే. చూస్తే అచ్చం క్యాన్సర్‌లాగే కనబడవచ్చు. ముక్క తీసి పంపేటప్పుడు టీబీకి కూడా చూడమని రాయండి. ఈ రోగుల్లో మాంటూ పరీక్ష నెగెటివ్ వచ్చినా టీబీ లేదనుకోవద్దు. ఇది ఇంట్లోవాళ్లకు తేలిగ్గా అంటుకునే టీబీ, వాళ్లనూ పరీక్షించాలి.

అసలు కష్టం మందులు మొదలుపెట్టాక వస్తుంది. రిఫాంపిసిన్ పడగానే కాలేయం టాక్రోలిమస్‌ను వేగంగా విచ్ఛిన్నం చేస్తుంది. రక్తంలో దాని మట్టం పడిపోతుంది. టీబీ తగ్గుతూ ఉండగానే శరీరం కిడ్నీని తిరస్కరించవచ్చు. అందుకే రక్తంలో మట్టం చూసుకుంటూ టాక్రోలిమస్ బాగా పెంచాలి, లేదా రిఫాంపిసిన్ బదులు రిఫాబ్యుటిన్ ఇవ్వాలి. ఈఎన్‌టీ డాక్టరు గొంతు చూస్తారు, కిడ్నీ డాక్టరు క్రియాటినిన్ చూస్తారు, టీబీ యూనిట్‌లో మందులిస్తారు. ఎవరి పని వాళ్లు చక్కగా చేసినా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే ఆ తల్లి ఇచ్చిన కిడ్నీ పోతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. నర్సులూ, ఫార్మసిస్టులూ, రోగి మందుల సంచీ మొత్తం బల్ల మీద పరిచి చూడగలిగేది మీరే.

టీబీ మందుల కోర్సు అయిపోయి రిఫాంపిసిన్ ఆపాక, రెండు మూడు వారాల్లో కాలేయం పాత తీరుకు వస్తుంది. పెంచిన టాక్రోలిమస్‌ను అప్పుడు తగ్గించకపోతే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. ఆపే తేదీ కిడ్నీ డాక్టరుకు ముందే తెలియాలి. రోగే చెప్పుకుంటాడులే అనుకోకండి, ఫోన్ మీరే చేయండి.