బడి కమిటీ ఎన్నిక: మనం ఇవ్వవలసిన సాక్ష్యం

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.



హిజ్రత్‌కు కొద్ది నెలల ముందు, క్రీ.శ. 622లో, మినా సమీపాన ఉన్న అఖబా వద్ద రాత్రివేళ ఒక ప్రమాణం జరిగింది. మదీనా నుండి వచ్చిన 73 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు దైవప్రవక్త (స) ఎదుట బైఅత్ చేశారు. అప్పుడు ఆయన వారిని, తమలో నుండి 12 మంది నఖీబ్‌లను, అనగా ప్రతినిధులను, ఎంచి తన ముందుంచమని కోరారు. వారు ఖజ్రజ్ తెగ నుండి 9 మందిని, ఔస్ తెగ నుండి ముగ్గురిని ఎన్నుకున్నారు. వహీ అందుకుంటున్న ప్రవక్త ఆ 12 పేర్లనూ తానే ప్రకటించి ఉంటే కాదనేవారెవరు? అయినా ఎంపికను ఆ ప్రజలకే అప్పగించారు.

ఈ ఉదంతాన్ని నేడు గుర్తుచేయడానికి కారణం మన పిల్లల బడి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ, మున్సిపల్ పాఠశాలకూ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం 75 శాతం మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క తరగతి తల్లిదండ్రులు ముగ్గురేసి సభ్యులను ఎన్నుకుంటారు. ఆ సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షులుగా, మరొకరిని ఉపాధ్యక్షులుగా ఎంచుకుంటారు. కాలపరిమితి రెండేళ్లు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా ఈ ఎన్నికలు జరిగాయి. వాటి సంగతి మనలో ఎందరికి తెలుసు?

సగం మంది తల్లిదండ్రులైనా హాజరు కానిదే ఎన్నిక చెల్లదు, వాయిదా పడుతుంది. ఈ నిబంధన ఉన్నా చాలాచోట్ల జరుగుతున్నది వేరు. పేర్లు ముందే ఖాయమవుతాయి, రిజిస్టరు ఇంటింటికీ తిరుగుతుంది, ఏమిటని అడగకుండానే మనం సంతకం చేస్తాం. పిమ్మట ఎన్నిక ఏకగ్రీవమని ప్రకటిస్తారు. ఏకగ్రీవమన్న మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. ఎవరూ రాని చోట అది ఏకగ్రీవం కాక మరేమవుతుంది?

"మాకు మదరసాలున్నాయి కదా, ఈ కమిటీలతో మాకేం పని?" అని కొందరు అనవచ్చు. 2012 నాటి సవరణ మేరకు మదరసాలకు ఈ చట్టం వర్తించదన్నది నిజమే. కాని 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం, బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాలలో చదివేవారు దాదాపు 3 శాతమే. మిగిలిన బిడ్డల సంగతి ఎవరు చూడాలి?

కూలి పోతుందన్న అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. తాపీపని చేసే సోదరునికీ, తోపుడుబండిపై పండ్లమ్మే సోదరునికీ ఒక పూట అంటే ఆ రాత్రి ఇంటి ఖర్చు. అయితే ఆ కమిటీ చేతిలో ఉన్నదేమిటో కూడా తూచి చూడండి. బడికి వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో అడిగే అధికారం దానిది. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేసేదీ అదే. మరుగుదొడ్డికి తలుపు లేక ఎదిగిన ఆడపిల్ల బడి మానేస్తే, ఆ మాటను ప్రణాళికలో రాయించవలసింది ఆ సభ్యులే. ఉర్దూ ఉపాధ్యాయుని ఖాళీని కమిటీ తానుగా భర్తీ చేయలేదు. కాని తీర్మానం చేసి, అధికారుల ముందుంచి, మళ్లీ మళ్లీ అడగగలదు. అడిగేవారు లేని ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది.

ఇక స్త్రీల విషయం. "మా ఇంటి ఆడవాళ్లు అలాంటి చోట్లకు రారు" అని గర్వంగా చెప్పుకునేవారు ఒక సంఘటన వినాలి. హిజ్రీ 23లో హజ్రత్ ఉమర్ (రజి) తన తదుపరి ఖలీఫా ఎంపికను ఆరుగురు సహాబాలకు అప్పగించారు. వారిలో ఒకరైన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మూడు రోజులు రేయింబవళ్లు ప్రజల అభిప్రాయం సేకరించారు. పర్దాలో ఉన్న స్త్రీలను, మక్తబ్‌లలో చదువుకునే పిల్లలను, మదీనాకు వచ్చిపోయే బాటసారులను సైతం ఆయన అడిగారని ఇబ్నె కసీర్ తన 'అల్ బిదాయా వన్నిహాయా'లో నమోదు చేశారు. ఖిలాఫత్ వంటి మహత్తర విషయంలోనే స్త్రీల అభిప్రాయం అడిగారే! బిడ్డకు అన్నం సరిగా పెట్టారో లేదో, పంతులు గారు వచ్చారో లేదో అందరికన్నా ముందు తెలిసేది తల్లికి. ఆమె మాట ఈ కమిటీలో అక్కరలేదని అనడానికి మనకేం ఆధారం ఉంది?

సోదరులారా! ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటి ఉలమా ఓటును సాక్ష్యంగా, సిఫారసుగా, వకాలతుగా వివరించారు. ఫలానా వ్యక్తి ఈ అమానత్‌కు తగినవాడని సాక్ష్యమిస్తున్నాం కనుక, తగనివానికి చెయ్యెత్తడం అబద్ధపు సాక్ష్యమే. "మన జమాఅత్ వాడు", "మన పార్టీ వాడు", "మా బావమరిది" అన్నవి సాక్ష్యానికి ఆధారాలు కావు. పక్కింటి హిందూ సోదరి చదువు తెలిసినదై, నిర్భయంగా లెక్క అడగగలదైతే, ఆమెకు చెయ్యెత్తడమే న్యాయం. ఆ బడిలో ఆమె బిడ్డా మన బిడ్డా ఒకే బల్లపై కూర్చుంటారు.

మరో సున్నితమైన సంగతి ఉంది. పదవిని కోరవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు ఉపదేశించారు. అందుచేత యోగ్యులు వెనుకకు తగ్గుతారు, ఆశపడేవారు ముందుకు వస్తారు. దీనికి మార్గం మన చేతుల్లోనే ఉంది. యోగ్యులు తమంతట రారు గనుక మనమే వారి ఇంటికి వెళ్లి నిలబడమని అడగాలి. ఈ మింబర్ నుండి మాత్రం ఏ పేరూ వినిపించదు. మస్జిద్ ఎవరి తరఫునా ప్రచారం చేయదు.

ఎన్నికకు ముందు ఓటర్లయిన తల్లిదండ్రుల జాబితాను బడిలో ప్రదర్శిస్తారు. మీ పేరు, బిడ్డ తరగతి సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. తప్పుంటే గడువులోగా ప్రధానోపాధ్యాయులకు రాసి ఇవ్వండి. చదవడం రానివారికి తోడుగా వెళ్లడానికి మన యువకులు కొందరు ముందుకు రావాలి. వచ్చేవారు ఈ రోజు నమాజు పిదప వజూఖానా పక్క అరుగు వద్ద నన్ను కలవండి.