దెబ్బకు మారుగా

అపకారము చేసినవానికి అపకారము చేయుట లోకసామాన్యము. దానిని ఎవరును నేర్పనక్కరలేదు. దెబ్బ తిన్నవాడే కొట్టినవానిని విడిపింపుడని కోరుట అరుదు. అట్టి ఘట్టమొకటి 1908వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గు నగరమున జరిగినది.

ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము ఆసియావాసులు పేర్లు నమోదు చేయించుకొని పత్రములు పొందవలెనని నిర్బంధ శాసనము చేయగా, భారతీయులు ధిక్కరించి కారాగారముల కేగిరి. జనవరిలో గాంధీగారికిని జనరల్ స్మట్సుకును రాజీ కుదిరెను. భారతీయులు స్వచ్ఛందముగా నమోదు చేయించుకొన్నచో ఆ శాసనము రద్దగునని గాంధీగారు విశ్వసించిరి. పఠానులు కొందఱు మాత్రము ఇది ద్రోహమని తలచిరి. ఆయన స్మట్సు వద్ద ధనము గ్రహించెనను వదంతియు పుట్టెను.

ఫిబ్రవరి 10వ తేదీ ఉదయమున గాంధీగారు నమోదు కార్యాలయమునకు నడచిపోవుచుండగా మీర్ ఆలమ్ అను పఠాను ఎదురై, ఎచటికని ప్రశ్నించెను. ఇతడు పూర్వము గాంధీగారి కక్షిదారు. సమాధానము ముగియునంతలో కఱ్ఱదెబ్బ తలపై బడెను. గాంధీగారు స్మృతి తప్పి నేల కూలిరి. పడినపిదపను దెబ్బలు ఆగలేదు.

తెలివి వచ్చినంతనే ఆయన మీర్ ఆలమ్ ఎక్కడనని అడిగిరి. వారు తమకు న్యాయమని తోచినదే చేసిరనియు, వారిపై అభియోగము వలదనియు ప్రభుత్వమునకు తంతి పంపిరి. అపుడాయనను తన యింటికి గొనిపోయినవాడు జోసెఫ్ డోక్ అను క్రైస్తవ మతాచార్యుడు. వారిరువురికిని పరిచయము స్వల్పమే. అయినను ఆ కుటుంబము కుమారుని గదిని ఖాళీచేసి యిచ్చి, రేయింబవళ్లు పరిచర్య చేసినది.

శ్రోతలొక సంగతి గమనింపగోరుచున్నాను. గాంధీగారు కొట్టినవానిని క్షమించిరే గాని, కొట్టినందులకు జంకి పని మానలేదు. శయ్యపైనుండియే వ్రేలిముద్రలు వేసి తమ మాట చెల్లించుకొనిరి. దయ వేఱు, లొంగుబాటు వేఱు. ప్రభుత్వము తన ధర్మము ననుసరించి మీర్ ఆలమునకు మూడుమాసముల కఠినశిక్ష విధించెను. ఆ విచారణకు గాంధీగారిని సాక్షిగా పిలువలేదు.

శాసనము రద్దు కాలేదు. స్మట్సును నమ్మరాదన్న పఠానుల శంక నిరాధారము కాదని తేలినది. ఆగస్టు 16వ తేదీన హమీదియా మసీదు ఆవరణమున భారతీయులు రెండువేలకు పైగా పత్రములను అగ్నికి ఆహుతి చేసిరి. ఆ సభకు మీర్ ఆలమ్ వచ్చి, తాను చేసినది తప్పని యొప్పుకొని, తన పాతపత్రమును దగ్ధము చేయుటకై యిచ్చెను. గాంధీగారు ఆనందముతో అతని చేయి పట్టుకొని, తమ మనస్సున ఏనాడును కోపము లేదని చెప్పిరి.

ఆ క్షమ పశ్చాత్తాపమునకు ప్రతిఫలముగా లభించినది కాదు. ఆఱుమాసములు ముందే యీయబడినది. నాడు పగ పూని యుండినచో హిందూ మహమ్మదీయుల నడుమ వైరము రగిలెడిది. సభకు వచ్చుటకు ఆ పఠానుకు దారి మిగిలెడిది కాదు.

మన యిండ్లలోను, వీథులలోను ఇంతటి దెబ్బలు తగులవు. పొరుగువాని దురుసు మాట, పనివాని చిన్న దొంగతనము, అపరిచితుని మొరటుదనము — ఇవియే మన పరీక్షలు. తప్పును తప్పనియే చెప్పుదము. తప్పు చేసినవాడు మరలివచ్చుటకు తలుపు మాత్రము తెఱచియుంచుదము.