బీచ్ బాగుపడితే ఎవరికి బాగు? విశాఖ తీరంలో వినిపించే మాటలు

ఇవాళ మన విశాఖపట్నం బీచ్ గురించి మాట్లాడుకుందాం. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా దాదాపు పాతిక కిలోమీటర్ల తీరం ఇది. ఏ ప్రభుత్వం వచ్చినా ఈ తీరాన్ని ఇంకా అందంగా చేస్తామనే అంటుంది. ఫుట్‌పాత్‌లు, లైట్లు, పార్కులు, ఫుడ్ కోర్టులు. కొత్త ప్లాన్ బొమ్మ పేపర్లో పడిందంటే చాలు, ఊళ్లో రెండు మాటలు మొదలవుతాయి. "అబ్బ, ఎంత బాగుందో" అని ఒకటి, "మరి మా సంగతేంటి?" అని ఇంకొకటి.

ఈ రెండో మాట అన్నవాళ్లని అభివృద్ధికి అడ్డు అని తీసిపారేయడం మనకి అలవాటైపోయింది. నేను ఈ ఊళ్లోనే ఉంటాను కాబట్టి ఇద్దరి మాటలూ వింటూ ఉంటాను. నాకు అర్థమైనంతవరకు అసలు తగువు ఒకే ఒక్క విషయం మీద. ప్లాన్‌లో ఖాళీగా కనిపించే ఇసుక నిజంగా ఖాళీయేనా?

ముందు సంతోషించేవాళ్ల గురించి చెప్తాను, ఎందుకంటే వాళ్ల సంతోషం అబద్ధం కాదు. పొద్దున్నే బండ్లు ఆపేసి రోడ్డుని నడిచేవాళ్లకి వదిలేస్తే, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లు కూడా భయం లేకుండా నడుస్తున్నారు. లైట్లు ఉన్నచోట ఆడవాళ్లు చీకటి పడ్డాక కూడా కాసేపు కూర్చోగలుగుతున్నారు. కురుసురా సబ్‌మెరైన్ చూడ్డానికి శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి పిల్లల్ని తీసుకుని వస్తారు. టికెట్ లేకుండా కుటుంబం అంతా హాయిగా గడిపే చోటు ఈ ఊళ్లో ఇంకెక్కడుంది చెప్పండి? కాబట్టి బీచ్‌ని ముట్టుకోవద్దు అని నేను అనను.

ఇక బీచ్ రోడ్డు మీద అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు. ఫ్లాట్ రేటు పెరిగిందని ఓ పక్క మురిసిపోతారు, ఆదివారం సాయంత్రం సొంత గేటు ముందు కారు పెట్టుకోలేక ఇంకో పక్క విసుక్కుంటారు. పార్కింగు, చెత్త, రాత్రి పన్నెండుకి మైకులు. ఇవి చిన్నవి కావు గానీ, మనసు పెడితే తీరేవే.

మురీ మిక్చరు, మొక్కజొన్న పొత్తులు, బజ్జీలు అమ్ముకునేవాళ్ల భయం వేరు. ఫుడ్ కోర్టు వస్తుందంటే వాళ్లకి మొదట వినిపించేది బండి తీసేయమనే మాటే. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తికాకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి. మీరు రోజూ కొనే బండి ఆయన్ని అడగండి, ఈ సంగతి ఆయనకి ఎవరైనా చెప్పారేమో.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. జాలరిపేటల్లో మాట వింటే ఇసుక అర్థమే మారిపోతుంది. మనకి అది షికారు చోటు, వాళ్లకి పనిచేసే చోటు. పెద్ద మరబోట్లకి ఫిషింగ్ హార్బర్ ఉంది. చిన్న ఫైబర్ పడవలకి ఇసుకే రేవు. పడవని అలల మీంచి ఒడ్డుకి తోసుకొచ్చి, పదిమంది కలిసి పైకి లాగాలి. వలలు పరిచి బాగుచేసుకోవాలి.

ఒడ్డు నుంచి లాగే పెదవల సంగతే చూడండి. ఒక పడవ వలని అర్ధచంద్రంలా సముద్రంలో దింపి వస్తుంది. దాని రెండు తాళ్ల కొసలు ఒడ్డున దూరదూరంగా ఉంటాయి. రెండు జట్లూ తాళ్లు లాగుతూ లాగుతూ ఒకదాని వైపు ఒకటి జరుగుతూ వస్తాయి. మధ్యలో ఓ గోడో, రాళ్ల వరసో, కాంక్రీటు మెట్లో ఉంటే ఆ వల లాగడం కుదరదు. రాయికి తగిలితే వల చిరిగిపోతుంది.

చేపలమ్మే ఒకావిడ నన్ను సూటిగా అడిగింది. "బాబూ, ఇదంతా గచ్చు చేసేసి కుర్చీలేసేస్తే మా చేపలెక్కడ ఎండేసుకోమంటావు? ఆ కుర్చీల మీదా?" నా దగ్గర జవాబు లేదు. ఎండుచేపలు మగవాళ్ల లెక్కలోకి రాని, ఆడవాళ్ల సొంత సంపాదన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, అప్పుడు ఇల్లు గడవాలంటే ఆ ఎండుచేపల డబ్బు ఎంత ఆసరానో ఆలోచించండి.

ఇంకోటి ప్రాణం మీదకొచ్చే విషయం. తుపాను వస్తోందంటే పడవల్ని అలలకి అందనంత దూరం పైకి లాగాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ బీచ్ రోడ్డుని ఏం చేసిందో మనందరం చూశాం. పడవలు లాగే ఆ జాగా మామూలు రోజుల్లో ఖాళీగానే కనిపిస్తుంది. ప్లాన్ గీసే మనిషి డిసెంబర్లో ఓ ఎండ పొద్దున వచ్చి చూస్తే అక్కడ పార్కు పెట్టొచ్చనే అనుకుంటాడు.

పైగా మన బీచ్‌కి ఇసుకే కరువు. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు ఆ దారిలో ఉన్నాయి. అక్కడ ఇసుక ఆగిపోతుంది, ఇక్కడ ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకే డ్రెడ్జర్‌తో ఇసుక తవ్వి మళ్లీ బీచ్ మీదకి పంపుతుంటారు. అంటే రోడ్డుకీ అలకీ మధ్య మిగిలిందే కొంచెం. ఆ కొంచెంలోనే నడిచేవాళ్లు, అమ్మేవాళ్లు, వల లాగేవాళ్లు అందరూ సర్దుకోవాలి.

2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని చివరి భాగం విడిపోయి కనిపించింది. తెగిపోయిందని జనం, పరీక్ష కోసం మేమే విడదీశామని అధికారులు. ఎవరి మాట ఎలా ఉన్నా, ఏ నెలలో ఏ అల ఎలా వస్తుందో పేటలో పుట్టి పెరిగినవాళ్లకి తెలుసు. కట్టకముందు వాళ్లని కూర్చోబెట్టి అడగడానికి ఒక పూట చాలు.

అడిగితే ఏమవుతుంది అంటారా? ముంబై కోస్టల్ రోడ్డు సంగతి చెప్తాను. వర్లీ కోలీవాడ దగ్గర పడవలు సముద్రంలోకి వెళ్లే దారి మీదుగా వంతెన వేశారు. స్తంభాల మధ్య 60 మీటర్ల ఖాళీ చాలన్నారు ఇంజినీర్లు. గాలి, అల కలిసి తోస్తే పడవ స్తంభానికి గుద్దుకుంటుంది, 160 మీటర్లు కావాలి అన్నారు కోలీ మత్స్యకారులు. పని ఆపించారు. చివరికి 2022 డిసెంబర్లో ఒక స్తంభం తీసేసి ఖాళీని 120 మీటర్లు చేయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. అడిగినంతా దక్కలేదు. అయినా రోడ్డు ఆగలేదు, పడవలకీ దారి మిగిలింది. అదే మాట డిజైన్ గీసేటప్పుడే విని ఉంటే అంత గొడవ జరిగేది కాదు.

మనకి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లోనే ఉంది, మత్స్యకార గ్రామాలనీ, వాళ్ల ఉమ్మడి స్థలాలనీ, చేపలు ఎండబెట్టే చోట్లనీ మ్యాపుల్లో గుర్తించాలని. కాబట్టి ఈసారి కొత్త ప్లాన్ బొమ్మ మీ ఫోన్‌లోకి వస్తే, లైక్ కొట్టేముందు ఒక్క నిమిషం చూడండి. పడవలు ఎక్కడున్నాయి? వల లాగే జాగా ఎక్కడ? తుపాను రోజు పడవలు ఎక్కడికి ఎక్కిస్తారు? ముంత మసాలా బండి ఎక్కడ? ఇవేవీ ఆ బొమ్మలో లేకపోతే, ఆ సంగతి జాలరిపేటవాళ్లే కాదు, పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లే మీరూ నేనూ అడగాలి. మన మాట అధికారులకి కాస్త తొందరగా వినపడుతుంది, అది నిజం. ఆ వెసులుబాటుని వాళ్ల కోసం వాడదాం.

మీ ఊరి తీరంలో ఏం జరుగుతోందో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.