ఖర్చు లెక్క, సేవ లెక్క



ప్రభుత్వం ఎంత ఖర్చు చేసిందో బడ్జెట్ పుస్తకం చెబుతుంది. ఆ ఖర్చు ఏ ఇంటికి ఏ సేవగా చేరిందో ఆ ఇంటివారే చెప్పగలరు. అభివృద్ధి చెందుతున్న దేశాలలో ఈ రెండు లెక్కల మధ్య ఉన్న అంతరాన్ని బట్టే ప్రజాధన సద్వినియోగాన్ని నిర్ణయించాలి.

ఆ అంతరాన్ని కొలిచే ప్రయత్నం బెంగళూరులోనే జరిగింది. 1994లో శామ్యూల్ పాల్ నాయకత్వాన సిటిజన్ రిపోర్ట్ కార్డ్ వెలువడింది. నీరు, విద్యుత్తు వంటి సేవలకు నగరవాసులే మార్కులు వేశారు. 1999 నాటి రెండవ నివేదికలో మార్పు స్వల్పం. ఆ తరువాత సంస్థల అధిపతులు బహిరంగ సభలలో తమ పనికి లెక్క చెప్పవలసివచ్చింది. 2003 నాటి మూడవ నివేదికలో మెరుగుదల స్పష్టంగా కనబడింది.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. దానికి తోడుగా ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ వచ్చింది. మస్టర్లలోని పేర్లను, పనిదినాలను ఇంటింటా సరిచూచి, సభలో అందరి ఎదుట చదివి వినిపించారు. చదువురాని కూలీ సైతం ఆ లెక్కను కాదనగలిగాడు.

ఊరిలో లెక్క అడిగిన మనిషి బ్రూక్‌ఫీల్డ్ చేరాక, ఇది పరాయి నగరమని మౌనం వహిస్తే నష్టం అతనికే. 2024 వేసవిలో బోర్లు ఎండి, మహదేవపుర ప్రాంతంలో ఎన్నో ఇళ్లు ట్యాంకర్లపై ఆధారపడ్డాయి. అదే ఏడాది అక్టోబరులో కావేరి ఐదవ దశ ప్రారంభమైంది. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాలకు రోజుకు 77.5 కోట్ల లీటర్ల నీరు అందించడం దాని లక్ష్యం. ఆ గ్రామాలలో పలు గ్రామాలు మహదేవపుర ప్రాంతంలోనివే. గొట్టం వేయడంతో ఖర్చు పూర్తవుతుంది. కొళాయిలో నీరు వచ్చినప్పుడే సేవ పూర్తవుతుంది. ఆ నీరు అందని కుటుంబం పన్ను రూపంలో ఒకసారి, ట్యాంకరుకు మరొకసారి చెల్లిస్తుంది. అద్దె ఇంటివారికీ ఈ భారం తప్పదు.

లెక్క అడిగే మార్గం చట్టంలోనే ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం రావాలి. దరఖాస్తు కన్నడంలో గాని, ఆంగ్లంలో గాని, హిందీలో గాని ఉండాలి. తెలుగు మాత్రమే వచ్చినవారికి కన్నడం తెలిసిన పొరుగువారు రాసిపెట్టవచ్చు.

అడగవలసినవి మూడే. వార్డులోని పనికి మంజూరైనదెంత? ముగియవలసిన గడువు ఏది? సేవ ఎన్ని ఇళ్లకు చేరింది? మొదటి రెండింటికి జవాబు దస్త్రాలలో దొరుకుతుంది. మూడవదాన్ని సరిచూడగలవారు ఆ వీధిలో నివసించే ప్రజలే.