నిచ్చెన వేసే ముందు

పెరట్లో మునగచెట్టు కాసింది. కాయలు కోయాలి. ఇనుప నిచ్చెన వేస్తాం, లేదంటే ఇనుప పైపుకు కొక్కెం కట్టి లాగుతాం. ఒక్క నిమిషం ఆగండి. తల పైకెత్తి చూడండి. కరెంటు తీగ ఎంత దూరంలో ఉంది?

ఇనుములోంచి కరెంటు ఇట్టే పారుతుంది. పచ్చి కొమ్మలోంచీ పారుతుంది. ఎండిన వెదురు గడ కొంత నయమే. కానీ తడిస్తే దాన్నీ నమ్మలేం. తీగను ఆనుకున్న కొమ్మను మీరు కొట్టొద్దు. 1912కు ఫోన్ చేయండి. సరఫరా ఆపాకే కొమ్మ కొట్టాలి. మళ్లీ చెబుతున్నా, ఆపాకే. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టి లాగకండి. ఇంట్లో అయితే ముందు మెయిన్ ఆపండి. వీధి తీగ అయితే దగ్గరకే పోవద్దు.

ఇక ఇంటి పనుల్లో సిమెంటు సంగతి. మేళ్లచెరువు, మఠంపల్లి ఫ్యాక్టరీలు మన పక్కనే. సిమెంటు మనకు కొత్త కాదు. అందుకేనేమో, ఉత్త చేతులతో కలిపేస్తాం. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. ఆ మంట వెంటనే తెలియదు. రబ్బరు తొడుగులు వేసుకోండి. సున్నం కంట్లో పడితే రుద్దకండి. ధారగా నీళ్లు పోసి కడుగుతూనే ఉండండి, ఆపైన డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఇక పాముల సంగతి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మనవన్నీ వరి పొలాలు. ఎలుకలుంటాయి, వాటి వెంట పాములూ వస్తాయి. ఇటుకల కుప్పలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. పాము కరిస్తే గాటు పెట్టొద్దు, తాడు బిగించొద్దు. 108కి ఫోన్ చేసి, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.

ఈ ఆదివారం నిచ్చెన తీస్తున్నారా? ముందు తల పైకెత్తి చూడండి.