తండా నేర్పింది, హాస్టల్ నేర్పింది

(తీజ్ సందర్భంగా జగిత్యాలలో జరిగిన గిరిజన యువజన సమావేశంలో ఒక బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



'పెంపకం, సంస్కృతి మన వ్యక్తిత్వాన్ని ఎలా తీర్చిదిద్దుతాయి' అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. టీచర్ ట్రైనింగ్‌లో సైకాలజీ పేపర్‌లో ఇది మాకు పెద్ద ప్రశ్న. అనువంశికత, పరిసరాలు అని రెండు హెడ్డింగులు పెట్టి రెండు పేజీలు రాసేవాళ్ళం. మార్కులు బాగానే పడేవి. ఆ జవాబు నాకు నిజంగా అర్థమైంది మాత్రం ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు, ఒక అర్ధరాత్రి మా హాస్టల్ గదిలో. ఆ సంగతి చెప్తాను. అంతకన్నా ముందు నా గురించి నాలుగు మాటలు.

నేను పుట్టింది సిరిసిల్ల వైపు ఒక తండాలో. చదువుకున్నది కోరుట్లలో, హాస్టల్‌లో ఉండి. ఉద్యోగం చేస్తున్నది జగిత్యాల జిల్లాలో. ఇప్పుడివి రెండు జిల్లాలు గానీ, 2016 అక్టోబర్ 11 దాకా అంతా ఒక్క కరీంనగర్ జిల్లానే. కాబట్టి నేను ఎక్కడికీ దూరం పోలేదు. కానీ తండా నుంచి హాస్టల్‌కు పోవడం మాత్రం నాకు పరాయి దేశం పోయినట్టే అనిపించింది.

పిల్లలు ఎక్కడ పెరిగితే అక్కడి సంగతులు చెవుల్లోంచీ చేతుల్లోంచీ లోపలికి పోతాయి. సిరిసిల్లలో నేత కార్మికుల ఇంట్లో పెరిగిన పిల్ల, మరమగ్గం చప్పుడు మారిందంటే దారం తెగిందని పుస్తకం మీది నుంచి తల ఎత్తకుండానే చెప్తుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మన తండాలో కూడా అంతే. ఏ ఇంటి ముందు ఆడుకుంటే ఆ ఇంట్లోనే బాటి తినేవాళ్ళం. తగాదా వస్తే నాయక్, కార్భారి చెట్టు కింద కూర్చునేవాళ్ళు, పిల్లలం చుట్టూ చేరి వినేవాళ్ళం. పెళ్ళి అయి అత్తగారింటికి పోయే ఆడపిల్ల ఊరికే ఏడవదు, ఢావ్లో పాడుతూ ఏడుస్తుంది. పుట్టింటిని, అన్నదమ్ములను, తోటి పిల్లలను పేరుపేరునా తలుచుకుంటుంది. దుఃఖాన్ని కూడా నలుగురితో పంచుకోవాలని మనకు నేర్పింది ఆ పాటలే. ఇవాళ మా హాస్టల్‌లో ఒక పిల్లకు ఇంటి మీద బెంగ పుడితే పది మంది వచ్చి పక్కన కూర్చుంటారు. అది నేను పెట్టిన నియమం కాదు, తండా నుంచి వాళ్ళు తెచ్చుకున్న అలవాటు.

నేను పెట్టిన నియమం వేరే ఉంది. దాని గురించే చెప్పాలని వచ్చాను.

ఆరో తరగతిలో చేరిన కొత్తలో, క్లాసులో దాహమై 'పాణి' అన్నాను. క్లాసంతా నవ్వింది. చాలా రోజులు నన్ను ఆ మాటతోనే పిలిచారు. అప్పటి నుంచి నోరు తెరిచే ముందు ప్రతి మాటను లోపలే తెలుగులోకి మార్చుకుని, సరిచూసుకుని, అప్పుడు మాట్లాడేదాన్ని. బాగా చదివాను, ఉద్యోగం వచ్చింది, వార్డెన్ అయ్యాను. నా పిల్లలకు ఆ అవమానం రాకూడదనుకున్నాను. డైనింగ్ హాల్ గోడ మీద నా చేత్తోనే కాగితం రాసి అంటించాను: 'హాస్టల్‌లో తెలుగే మాట్లాడాలి. తండా భాష మాట్లాడితే ఒక రూపాయి జరిమానా.' మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. తల్లిదండ్రులు కూడా మెచ్చుకున్నారు.

ఒక ఏడాది ఐదో తరగతిలో ఒక చిన్న పిల్ల చేరింది. చేరి పది రోజులు కూడా కాలేదు. ఒక రాత్రి పన్నెండు దాటాక పెద్ద పిల్ల ఒకామె వచ్చి తలుపు కొట్టింది. "మేడం, ఆ చిన్నది దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. ఏమైందంటే చెప్తలేదు" అంది. పోయి చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. తెలుగులో అడిగాను, ఏం లేదన్నట్టు తల ఊపింది. పక్కన కూర్చుని, ఎన్నో ఏళ్ళుగా హాస్టల్‌లో నేను మాట్లాడని గోర్‌బోలిలో అడిగాను. 'యాడీ' అంటూ నన్ను పట్టుకుని ఒక్కసారిగా అంతా చెప్పింది. పొద్దటి నుంచి కడుపులో నొప్పి. అన్నం తినలేదు. రెండుసార్లు వాంతి అయింది. 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆపరేషన్ చేశారు. ఇంకా ఆలస్యం చేస్తే ప్రమాదమయ్యేదని డాక్టరు చెప్పారు.

కోలుకున్నాక అడిగాను, "పొద్దుననే ఎందుకు చెప్పలేదమ్మా?" అని. నొప్పి గురించి తెలుగులో ఎలా చెప్పాలో ఆ పిల్లకు తెలియదు. మన భాషలో చెప్దామంటే, "నా దగ్గర రూపాయి లేదు యాడీ" అంది.

ఆ రోజే కాగితం చింపేశాను. కానీ ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. నన్ను చూసి నవ్విన క్లాసును నేను ఇరవై ఏళ్ళు మోసి, తెచ్చి నా హాస్టల్ గోడకు అంటించాను. పెంపకం అంటే అమ్మానాన్నలు ఇచ్చిన మంచి మాత్రమే అనుకుంటాం. మనకు జరిగిన అవమానం కూడా పెంపకంలో భాగమే. దాన్ని గుర్తుపట్టకపోతే, క్రమశిక్షణ అని పేరు పెట్టి తర్వాతి వాళ్ళకు అందిస్తాం.

ఇది నా ఒక్కదాని తప్పు అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, ఇదే పనిని కొన్ని దేశాలు ప్రభుత్వ విధానంగా చేశాయని. కెనడాలో ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకుపోయి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. తరాలపాటు అలా జరిగింది. 2008 జూన్ 11న ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. న్యూజిలాండ్‌లో మావోరీలు ఇంకో దారి పట్టారు. పిల్లల నోట భాష పోతోందని గమనించి, 1982లో 'కోహంగా రేయో' అనే పసిపిల్లల బడులు మొదలుపెట్టారు. ఆ పేరుకు అర్థం భాషా గూడు. అక్కడ పిల్లలతో సొంత భాషలో మాట్లాడేది అవ్వలు, తాతలు. డిగ్రీలు లేని అవ్వలే ఒక భాషను నిలబెట్టడానికి ముందుకు వచ్చారు.

మన దగ్గర చట్టంలో లోటు లేదు. రాజ్యాంగంలో 350ఎ అధికరణ, భాషాపరంగా మైనారిటీ అయిన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని చెప్తోంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోట ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంటుంది. కానీ లెక్కల్లో మన భాష ఎక్కడుందో చూడండి. 2011 జనాభా లెక్కల్లో లంబాడీని మాతృభాషగా చెప్పినవాళ్ళు 32 లక్షల పైచిలుకు. వాళ్ళందరినీ హిందీ కింద కలిపి చూపించారు. మన ఇంటి భాష హిందీ అని మీలో ఎవరైనా అంటారా?

భాష మాత్రమే కాదు, మనకు పేరు కూడా ఇతరులే పెట్టారు. మన తాత ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగి వ్యాపారం చేసినవాళ్ళు. రైళ్ళు వచ్చి ఆ బతుకుదెరువు పోయింది. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చి, తిరిగే జాతులు ఎన్నింటినో పుట్టుకతోనే నేరస్థులన్నారు. మన బంజారాల్లోనూ, ఎరుకల సోదరుల్లోనూ ఆ ముద్ర పడినవాళ్ళున్నారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా చూపు అంత తొందరగా పోలేదు. బస్సులో, బజారులో మీ అవ్వను ఎవరైనా అనుమానంగా చూస్తే, ఆ చూపు వెనక అంత చరిత్ర ఉంది. అది మీ అవ్వ తప్పు కాదు. ఆమె పక్కన నిలబడటానికి మీరు సిగ్గుపడాల్సిందీ లేదు.

అయితే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇంకో మాట కూడా చెప్పాలి. మనదైన ప్రతిదీ మంచిదని నేను అనను. నేను రోజూ ఆడపిల్లల మధ్య ఉండేదాన్ని. పదో తరగతి సెలవులకు ఇంటికి పోయి, మెడలో పుస్తెలతో కనబడిన పిల్లలను చూశాను. 'మన ఆచారం' అన్నారు. చదువు ఆపే ఆచారాన్ని కాపాడుకోవాల్సిన పనిలేదు. ఇంకోటి గమనించండి. మనలో వెనుకటికి పెళ్ళికొడుకు వాళ్ళే ఆడపిల్ల తరఫు వాళ్ళకు ఓలి ఇచ్చేవారు. ఇప్పుడేమైంది? కట్నం వచ్చింది. ఊళ్ళో వాళ్ళను చూసి మనం భాషను దాచుకున్నాం, కట్నాన్ని మాత్రం నేర్చుకున్నాం. ఏది వదలాలో ఏది తీసుకోవాలో తిరగేసి చేశాం. దీన్ని సరిచేయాల్సింది మీ తరమే, పెళ్ళి కావలసిన తమ్ముళ్ళు ముందుగా.

మూలాలు పట్టుకుంటే ముందుకు పోలేమని భయపడేవాళ్ళకు పక్క జిల్లా సంగతే చెప్తాను. నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. కూలి పనికి పోయే తల్లిదండ్రుల బిడ్డ, గురుకులంలో చదివిన పిల్ల. నడకకూ కష్టానికీ అలవాటుపడిన ఒళ్ళు ఇంట్లో వచ్చింది. శిక్షణ, అవకాశం బడి ఇచ్చింది. రెండింటిలో ఏది లేకపోయినా ఆ శిఖరం అందేది కాదు. అలాగే కేతావత్ సోమ్‌లాల్ గారు. లిపి లేదని మనం చిన్నచూపు చూసుకునే భాషలోకి, తెలుగు లిపినే వాడుకుని భగవద్గీతను తెచ్చారు. 2024లో పద్మశ్రీ అందుకున్నారు. గోండుల గుస్సాడీ నృత్యానికి జీవితం ఇచ్చిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడున్న నాయకపోడు పిల్లలారా, మీ లక్ష్మీదేవర గుర్రపు మొగాన్ని చెక్కేవాళ్ళు, ఎత్తుకుని ఆడేవాళ్ళు మీ ఇళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోండి.

కోరుట్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయిన ఒక తమ్ముడు నాతో చెప్పిన మాట ఇది. క్యాంపులో కొత్తగా చేరిన రోజుల్లో ఎవరూ తెలిసినవాళ్ళు లేరట. ఒక రాత్రి పక్క గదిలో ఎవరో ఫోన్‌లో 'యాడీ' అనడం వినిపించింది. పోయి చూస్తే మహారాష్ట్ర మనిషి. వీడికి మరాఠీ రాదు, వాడికి తెలుగు రాదు. గోర్‌బోలిలో మాట్లాడుకున్నారు. ఆ రాత్రి ఇద్దరూ కలిసి వండుకుని తిన్నారట. "అక్కా, చిన్నప్పుడు బడిలో దాచుకున్న భాషే అక్కడ నాకు చుట్టాన్ని ఇచ్చింది" అన్నాడు.

ఇప్పుడు మా హాస్టల్ గోడ మీద వేరే కాగితం ఉంది. మూడు వరుసలు. గోర్‌బోలి మాట, దాని పక్కన తెలుగు, దాని పక్కన ఇంగ్లీషు. పిల్లలే రాస్తారు, అన్నీ తెలుగు అక్షరాల్లోనే. మొదటి వరుసలో మొదటి మాట నొప్పికి సంబంధించింది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకు మొదటి రోజే, ఆమె భాష తెలిసిన పెద్ద పిల్లను తోడిస్తాం. దీనివల్ల ఎవరి తెలుగూ పాడుకాలేదు. అడగడానికి భయం పోయింది కాబట్టి ఇంగ్లీషు కూడా ధైర్యంగా అడిగి నేర్చుకుంటున్నారు.

మీ అందరినీ నేను కోరేది మూడే పనులు. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఫోన్ తీసి, మీ దాది పాడే ఒక పాటనైనా రికార్డు చేయండి. ఆమె పేరు, తండా పేరు, తేదీ చెప్పించండి. రెండోది, మీ తండాలో చిన్న పిల్లలతో మన భాషలోనే మాట్లాడండి. తెలుగు, ఇంగ్లీషు బడి నేర్పుతుంది, మన భాషను నేర్పే బడి ఇల్లు ఒక్కటే. మూడోది, మీ చెల్లెలికి పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి మాట వస్తే మీరే అడ్డం నిలబడండి.

తీజ్‌కు తొమ్మిది రోజులు గోధుమ మొలకలను పెంచుతాం కదా. బుట్ట తండాది, మన్ను తండాది, విత్తనం తండాది. కానీ పూటపూటా ఎంత దూరమైనా పోయి నీళ్ళు తెచ్చి పోసేది ఆడపిల్లలు. పోయకపోతే మంచి విత్తనమైనా ఎండిపోతుంది. మీకు వచ్చిన బుట్ట మంచిది. నీళ్ళు మీరే పోయాలి.

ఆ పిల్ల ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, "యాడీ, మా వార్డులో తండా నుంచి ఒక ముసలామె వచ్చింది, ఎవరికీ ఏం చెప్తలేదు, నేను పోయి మాట్లాడిన" అంది. ఆ మాట విన్నాక, ఆ రోజు నేను తీసుకోకుండా మిగిలిన రూపాయి నాకు తిరిగి అందినట్టయింది.