నీళ్ళు, దోమలు, స్టేషన్ హెల్త్

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా సర్వీసంతా ఎస్.హెచ్.ఓ.లోనే గడిచింది. పోలీసువారి స్టేషన్ హౌస్ ఆఫీసర్ అనుకునేరు, మాది స్టేషన్ హెల్త్ ఆర్గనైజేషన్. మమ్మల్ని చూసి సంతోషించినవాళ్ళు తక్కువ. లంగర్లోకి వెళితే వంటవాళ్ళు గోళ్ళు దాచుకునేవారు. క్వార్టర్లకు వెళితే "కూలరు నిన్ననే కడిగామండీ" అనేవారు. మూత తీస్తే లోపల పురుగులు ఈదుతుండేవి!

ఈ పని ఊరికే పుట్టలేదు. ఇండియాలోని సైన్యం ఆరోగ్యంపై 1859లో బ్రిటిషువారు వేసిన రాయల్ కమిషన్ 1863లో చెప్పిన లెక్క ప్రకారం, ఇక్కడి తెల్ల సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోయేవారు. ఎక్కువమందిని చంపింది తూటా కాదు. జ్వరాలు, విరేచనాలు, కలరా. అప్పటినుంచే కంటోన్మెంట్లలో నీళ్ళమీద, మురుగుమీద శ్రద్ధ పెరిగింది. అయితే ఆ మేలు చాలాకాలం గోడ లోపలివాళ్ళకే దక్కింది, పక్క బస్తీకి అందలేదు. దోమకు గోడేమిటి, గేటు పాసేమిటి? ఆ దోమ గుట్టు తెలిసింది కూడా మన దగ్గరే. మిలిటరీ డాక్టరు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.

నీళ్ళ సంగతి ఒకటి చెబుతాను. ఒక స్టేషన్లో, పేరెందుకులెండి, ఫ్యామిలీ క్వార్టర్లలో పిల్లలకు వరసగా విరేచనాలు పట్టుకున్నాయి. పంపుహౌసులో చూస్తే క్లోరిన్ సరిగ్గానే ఉంది. చివరి బ్లాకు కుళాయి దగ్గర చూస్తే సున్నా! దారిలో ఒకచోట పైపు మురుగుకాల్వలోంచి పోతోంది, జాయింటు వదులైంది. నీళ్ళు వదలని గంటల్లో ఖాళీ పైపు ఆ మురుగును లోపలికి పీల్చుకుంటోంది. పైపు మార్పించేదాకా ట్యాంకరు పెట్టాం. ట్యాంకరు నీళ్ళకు హారక్స్ పెట్టె తీశాం. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అరగంట తర్వాత మందు చుక్కలు వేస్తే మొదట నీలం తిరిగిన కప్పు ఎన్నోదైతే, 455 లీటర్లకు దానికి రెట్టింపు గ్రాముల బ్లీచింగు కలపాలి. మూడో కప్పయితే ఆరు గ్రాములన్నమాట.

రిటైరై మనం కట్టుకున్న కాలనీల్లో ఎస్.హెచ్.ఓ. లేదు. మునిసిపాలిటీవారు వస్తారు, రానప్పుడు అడగాలి. కానీ అడగవలసింది పొగ బండి కోసం కాదు, చివరి కుళాయి దగ్గర క్లోరిన్ టెస్టు కోసం. మంత్రిగారు వస్తున్నారంటే రోడ్డు పక్కన ముగ్గులా చల్లే బ్లీచింగు దోమనేమీ చెయ్యదు. డెంగీ దోమ గుడ్డునుంచి రెక్కలదాకా ఎదగడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు కూలరు గోడకు అంటుకుని ఎండిపోయినా నెలలు బతుకుతాయి. వారానికొకసారి నీళ్ళు ఒంపితే సరిపోదు, పీచుతో రుద్దాలి.

నా దగ్గర ఇప్పటికీ క్లోరిన్ చూసే చిన్న పెట్టె ఉంది. సీసాలో నీళ్ళు పట్టి తేవద్దు, దారిలోనే క్లోరిన్ తగ్గిపోతుంది. ఆదివారం పొద్దున ఎవరు పిలిస్తే వారింటికి నేనే వస్తాను. కాఫీ ఇప్పిస్తే చాలు, గోళ్ళు చూడను.

జై హింద్.